కిలోన్నర లోపు బిడ్డ ఎక్కడ పుట్టాలి?

నవజాత శిశువుల వార్డు బయట నిలబడ్డ ప్రతి తండ్రీ, ప్రతి అమ్మమ్మా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. ‘‘కిలో రెండొందలే ఉందంట సార్, బతుకుద్దా?’’ దానికి నేను వెంటనే జవాబు చెప్పను. ముందు ఇంకో ప్రశ్న వేస్తాను. ‘‘కాన్పు ఎక్కడైంది?’’ చాలామందికి ఇది సంబంధం లేని ప్రశ్నలా తోస్తుంది. బిడ్డ లోపల ఉంటే ఈ డాక్టరు ఊరి పేరు అడుగుతాడేమిటి అన్నట్టు చూస్తారు. కానీ అంత చిన్న బిడ్డ విషయంలో నెలలెన్ని, బరువెంత అన్నవి తెలిశాక నాకు మొదట కావలసిన సంగతి అదే. మా లేబర్ రూములోనే పుట్టిందా, 60 కిలోమీటర్ల అవతల పుట్టి తువ్వాలులో చుట్టుకుని వచ్చిందా అన్నదాన్ని బట్టి నేను చెప్పే మాట మారిపోతుంది.

పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ అంటాం. కిలోన్నర కూడా లేకపోతే అతి తక్కువ బరువు బిడ్డ. ఈ రెండో కోవలో ఎక్కువమంది 32 వారాలైనా నిండకుండా పుట్టినవాళ్లే. వీళ్ల ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోవు. చర్మం కింద కొవ్వు ఉండదు కాబట్టి ఒంట్లో వేడి నిలవదు. పాలు చీకి, మింగి, మధ్యలో ఊపిరి తీసుకునే నేర్పు సుమారు 34 వారాల దాకా రాదు. పుట్టే పిల్లల్లో వీళ్లు కొద్దిమందే అయినా, తొలి 28 రోజుల్లో చనిపోయే పిల్లల్లో వీళ్ల వాటా చాలా పెద్దది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 లెక్కలు చూడండి. సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో తొలి 28 రోజుల్లోపు చనిపోతున్నవాళ్లు దేశం మొత్తం మీద 24.9 మంది. ఉత్తరప్రదేశ్‌లో 35.7, ఆంధ్రప్రదేశ్‌లో 19.9, తెలంగాణలో 16.8. కేరళలో 3.4. ఉత్తరప్రదేశ్‌ను చూసుకుని మనం బాగానే ఉన్నామని అనుకోవచ్చు. సమీక్ష సమావేశాల్లో అలా అనుకోవడం విన్నాను కూడా. నాకు మాత్రం కేరళను పక్కన పెట్టుకుని చూసుకోవడమే న్యాయమనిపిస్తుంది. మనకూ వాళ్లకూ ఉన్న తేడా అయిదారు రెట్లు.

కేరళలో నెలలు నిండని పిల్లలు పుట్టరా అంటే పుడతారు. అక్కడి తల్లులకూ బీపీ వస్తుంది, ఉమ్మనీరు ముందే పోతుంది, కవలలు పుడతారు. శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కల్లో కేరళ శిశు మరణాల రేటు 2014లో 12 ఉంటే, 2020 నాటికి 6కి దిగింది. అదే 2020లో తెలంగాణ 21, ఆంధ్రప్రదేశ్ 24. మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు, 60 నుంచి 30కి రావడం కన్నా 12 నుంచి 6కి రావడం కష్టం. ధనుర్వాతం, విరేచనాలు, న్యుమోనియా లాంటివి అప్పటికే చాలావరకు తగ్గిపోయి ఉంటాయి. ఇక మిగిలేది ముఖ్యంగా నెలలు నిండని పిల్లలు, పుట్టుకతో లోపాలున్న పిల్లలు. అంటే అక్కడ ఆ రేటు సగానికి పడిందంటే, కిలోన్నర బిడ్డలను బతికించకుండా పడి ఉండదు.

ఈ లెక్కలన్నీ అన్ని బరువుల పిల్లలవీ కలిపినవి. కిలోన్నర లోపు వాళ్లను విడదీసి, జిల్లా వారీగా ఏటా జనం ముందు పెట్టే పట్టిక మనకు లేదు. నా అసలు ఫిర్యాదు దాని గురించే. కాసేపట్లో దానికి వస్తాను.

ప్రాంతాల మధ్య తేడా గురించి మాట్లాడగానే పేదరికం, రక్తహీనత, చిన్న వయసు పెళ్లిళ్లు అంటారు. అవన్నీ నిజమే. బిడ్డ ఎందుకు చిన్నగా పుట్టిందో అవి చెబుతాయి. కానీ ఒకే బరువుతో, ఒకే నెలల్లో పుట్టిన ఇద్దరిలో ఒకరు ఇంటికెళ్లి, ఇంకొకరు ఎందుకు వెళ్లలేదో అవి చెప్పవు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్ల మన వ్యవస్థకు భలే సౌకర్యం. ‘తల్లిలోనే రక్తం లేదు, మేమేం చేస్తాం’ అనేస్తే సరిపోతుంది కదా!

అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో 2010లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. సుమారు మూడు దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూశారు. అన్ని హంగులూ ఉన్న నవజాత కేంద్రం గల ఆసుపత్రిలో పుట్టిన కిలోన్నర లోపు పిల్లల్లో 23 శాతం చనిపోతే, అలాంటి కేంద్రం లేని చోట పుట్టినవాళ్లలో 38 శాతం చనిపోయారు. డబ్బున్న దేశాల అనుభవమూ అందులో ఉంది. అక్కడ అంబులెన్సులకు కొదవ లేదు, రోడ్లకు లోటు లేదు. అయినా తేడా అంత వచ్చింది.

ఈ సంగతిని ముందుగా గ్రహించి, దేశం మొత్తానికి అమలు చేసిన వాటిలో పోర్చుగల్ ఒకటి. 1970లో అక్కడ వెయ్యికి 55 మంది శిశువులు ఏడాది నిండకుండానే చనిపోయేవారు. యూరప్‌లో వెనుకబడిన దేశమది. 1980ల చివర్లో వాళ్లు ప్రసూతి సేవలను తిరగరాశారు. ఏడాదికి 1,500 కాన్పులు కూడా జరగని ప్రసూతి విభాగాలను మూసేశారు. ప్రమాదం ఉన్న గర్భిణిని నొప్పులు ముదరకముందే పెద్ద ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేశారు. ఇప్పుడు అక్కడి శిశు మరణాల రేటు మూడు దరిదాపుల్లో ఉంది. దీన్ని మన దగ్గర మక్కీకి మక్కీ దించమని నేను అనను. ఏజెన్సీలో చిన్న ఆసుపత్రులను మూసేస్తే ఆడవాళ్లు మళ్లీ ఇంట్లోనే కంటారు. మామూలు కాన్పు ఊరి దగ్గరే జరగాలి. నెలలు నిండకుండా కనే ప్రమాదం ఉన్న తల్లి మాత్రం ముందే కదలాలి. పోర్చుగల్ నుంచి తీసుకోవలసింది ఆ ‘ముందే’ అన్న మాట.

మనం చేస్తున్నది దీనికి తలకిందులు. ఇక్కడ కాన్పయ్యాక బిడ్డను పంపిస్తాం.

పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ కేజీహెచ్‌కు రావాలంటే వంద కిలోమీటర్ల పైమాట. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. మన్యంలో డిసెంబరు రాత్రి చలి ఎలా ఉంటుందో అక్కడ ఉద్యోగం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అమెరికాలో అతి తక్కువ బరువు పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, వార్డులో చేరే సమయానికి ఒంటి వేడి ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ తగ్గినా మరణించే అవకాశం సుమారు 28 శాతం పెరుగుతున్నట్టు తేలింది. మా దగ్గరికి దూరం నుంచి వచ్చే బిడ్డల అరికాళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. థర్మామీటరు పెట్టకముందే చేతికి తెలుస్తుంది. దారిలో ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఊపిరి మధ్యమధ్య ఆగుతుంది. వేడి, ఆక్సిజన్, ఆహారం అన్నీ ఒకేచోట అందించే, కుదుపులు తగలనివ్వని వాహనం తల్లి గర్భమే. దానికి సాటి వచ్చే అంబులెన్సు ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు.

తరలింపులో ఇంకో నష్టం ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బిడ్డ మా వార్డుకు వస్తుంది, తల్లి కుట్లతో అక్కడే ఉండిపోతుంది. నాలుగైదు రోజుల దాకా ఆమె రాదు. నాన్నమ్మ గుమ్మం దగ్గర కూర్చుంటుంది, తండ్రి రక్తం కోసం, మందుల కోసం తిరుగుతుంటాడు. ముర్రుపాలు అక్కడ, బిడ్డ ఇక్కడ. అమ్మ పాలు అందని కిలో బిడ్డకు పేగులు కుళ్లే జబ్బు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. హైదరాబాద్ నీలోఫర్‌లో ‘ధాత్రి’ లాంటి తల్లిపాల బ్యాంకు ఉంది కానీ, అలాంటివి ప్రతి జిల్లాకూ లేవు కదా.

తల్లి పక్కనే ఉండటం విలువెంతో 2021లో బాగా రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో ఒక పరిశోధన చేశారు. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను కొందరిని పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచారు. మిగతావాళ్లకు వాడుకలో ఉన్న పద్ధతిలోనే చేశారు, అంటే పరిస్థితి కుదుటపడ్డాక తల్లికి ఇవ్వడం. వెంటనే తల్లికి ఇచ్చిన వారిలో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 12 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. ఇందులో ఖరీదైన మందేమీ లేదు. కావలసిందల్లా శిశువుల వార్డులోనే తల్లికి ఒక మంచం. వేరే ఊళ్లో ఉన్న తల్లికి ఆ మంచం ఎలా వేస్తాం?

ఇక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, నాలుగు డోసులు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి. చవకైన మందు. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు ఈ రకం చికిత్స ఫలితాలను 1972లోనే ప్రచురించారు. అలాంటప్పుడు ఊరూరా ఇచ్చేస్తే పోదా అనిపిస్తుంది. అలాగే చేసి చూశారు. మన దేశంతో సహా ఆరు దేశాల్లో, పెద్ద సదుపాయాలు లేని చోట్ల ఈ ఇంజెక్షన్ వాడకాన్ని పెంచారు. 2015లో లాన్సెట్‌లో ప్రచురితమైన ఫలితం అందర్నీ నివ్వెరపరిచింది. బాగా చిన్న పిల్లల్లో మరణాలు తగ్గలేదు. మొత్తం నవజాత శిశువులను కలిపి చూస్తే మరణాలు కొంచెం పెరిగాయి కూడా. తర్వాత అదే మందును భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో నెలలు సరిచూసుకుని ఇచ్చారు. 2020లో వచ్చిన ఆ ఫలితంలో నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి.

మందు అదే, మోతాదు అదే. ఒకచోట ప్రాణం పోసింది, ఇంకోచోట పోయలేదు. ఇంజెక్షన్ తర్వాత బిడ్డ ఎవరి చేతుల్లో, ఎలాంటి గదిలో పుట్టిందన్నదే తేడా. ప్రాంతాల మధ్య తేడాలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన దేశంలో 2014 నుంచి ఏఎన్‌ఎం కూడా మొదటి డోసు ఇచ్చి పంపవచ్చు. మంచి నిర్ణయమే. అయితే ఆ డోసు పెద్దాసుపత్రికి వెళ్లే దారిలో మొదటి మెట్టు. అక్కడే కాన్పు చేసేయడానికి అనుమతి కాదు.

పెద్దాసుపత్రి అంటే స్వర్గమని నేను అనడం లేదు. లోపల పనిచేసేవాణ్ని, నాకు తెలుసు. మార్గదర్శకాల ప్రకారం ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలి. రాత్రి షిఫ్టులో ఆ లెక్క చాలాచోట్ల నిలవదు. సీజన్‌లో ఒక వార్మర్ మీద ఇద్దరు బిడ్డలను పడుకోబెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఒకరి సూక్ష్మజీవి ఇంకొకరికి అంటుకోవడం ఎంతసేపు? ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నవజాత శిశువుల రక్తంలో దొరికిన క్రిముల్లో చాలావాటికి ఒకటికి మించిన రకాల యాంటీబయాటిక్స్ పనిచేయడం లేదని తేలింది. కాబట్టి తల్లులందరినీ రాష్ట్రానికి ఒకటో రెండో పెద్దాసుపత్రులకు తోలితే మరో విపత్తు వస్తుంది. జిల్లా స్థాయిలోనే సీప్యాప్, సర్ఫాక్టెంట్, సరిపడా నర్సులు ఉండాలి. ఈ మూడింటిలో మొదటి రెండింటికి రిబ్బన్ కత్తిరింపులు ఉంటాయి, మూడోదానికి ఉండవు. బిడ్డల ప్రాణాలు ఎక్కువగా మూడోదాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు లెక్కల సంగతి. ఒక మండలంలో కిలో వంద గ్రాముల బిడ్డ పుట్టిందనుకోండి. అక్కడి నుంచి ‘మెరుగైన వైద్యం కోసం’ అని చీటీ రాసి పంపారు. ఏరియా ఆసుపత్రి ముట్టుకుని జిల్లాకు పంపింది. జిల్లా ఆసుపత్రిలో చేరిన రెండో రోజు బిడ్డ పోయింది. మరణం ఎవరి ఖాతాలో? జిల్లా ఆసుపత్రి ఖాతాలో. మొదట పంపినవాళ్ల రిజిస్టరు మల్లెపువ్వులా ఉంటుంది. ఎవరు ఎక్కువ కష్టమైన బిడ్డలను చేర్చుకుంటారో వాళ్లే ఎక్కువమందిని చంపినట్టు కనిపిస్తారు. ఇక ప్రైవేటులో పది రోజులుంచి, చేతిలో డబ్బైపోయాక మా దగ్గరికి తెచ్చే బిడ్డలు వేరే. ఆ మరణాలూ మా పద్దులోకే వస్తాయి.

కొన్ని మరణాలు ఏ ఖాతాలోకీ రావు. ఆరేడు వందల గ్రాముల బిడ్డ నాలుగు సార్లు ఎగఊపిరి పీల్చి ఆగిపోతే, ఒకచోట దాన్ని సజీవ జననంగా రాసి తర్వాత మరణంగా రాస్తారు. ఇంకోచోట చనిపోయి పుట్టిందని రాసి ఊరుకుంటారు. రెండోవాళ్ల మరణాల రేటు చూడముచ్చటగా ఉంటుంది. యూరప్ దేశాల పోలికల్లోనూ ఈ గొడవ ఉంది. ఎన్ని వారాల నుంచి లెక్కించాలన్నది దేశానికో రకం కావడంతో, అక్కడి పరిశోధకులు మరీ చిన్న బిడ్డలను పక్కన పెట్టి పోల్చుతుంటారు. మన దగ్గర దీనికి తోడు ‘డాక్టరు వద్దన్నా తీసుకెళ్లారు’ అనే గడి ఒకటి ఉంది. సంతకం పెట్టి తీసుకెళ్లిన కిలో బిడ్డ ఇంట్లో ఏమైందో మనకు తెలియదా? తెలుసు. ఆ గడిలో మాత్రం మరణం అని ఉండదు.

మన ఆచారం కూడా ఈ లెక్కను కొంత చెరిపేస్తుంది. తొలి కాన్పుకు ఏడో నెలలో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తాం. హైదరాబాద్‌లో చూపించుకున్న అమ్మాయి సీమంతం అయ్యాక శ్రీకాకుళమో, నాగర్‌కర్నూలో వెళ్తుంది. నెలలు నిండకుండా నొప్పులొస్తే ప్రమాదం ఎక్కువగా ఉండే వారాలూ అవే. తల్లీబిడ్డల కార్డు అత్తారింట్లో, స్కానింగ్ రిపోర్టు భర్త ఫోన్‌లో, అమ్మాయి కొత్త ఊళ్లో. పుట్టింటికి పంపొద్దని చెప్పను, ఆ ముచ్చట ఎవరికి వద్దు? పంపేముందు బీపీ చూపించండి, కాగితాలన్నీ వెంట ఇవ్వండి. ఆ ఊరికి దగ్గరలో నవజాత శిశు కేంద్రం ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. ఎనిమిది నెలలు నిండకముందే నడుము నొప్పి విడతలు విడతలుగా వచ్చినా, నీరు పోయినా, కాళ్లవాపుతో తలనొప్పి వచ్చినా, పక్క వీధి నర్సింగ్ హోమ్‌లో ‘చూద్దాం’ అనకుండా 108కి ఫోన్ చేసి ఆ ఆసుపత్రికే వెళ్లండి. బిడ్డ తల కనిపిస్తుంటే మాత్రం ఎక్కడ ఉంటే అక్కడే. అన్నట్టు, ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట ఇప్పటికీ మా వార్డు గుమ్మంలో వినిపిస్తుంది. అది శుద్ధ తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

మన్యంలో ఈ ‘ముందే కదలడం’ అసాధ్యమేమీ కాదు. పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో గర్భిణుల వసతి గృహం నడిపింది. కొండ మీది ఊళ్ల నుంచి నెలలు దగ్గరపడ్డ ఆడవాళ్లను తెచ్చి, భోజనం పెట్టి, కాన్పుదాకా ఉంచుకున్నారు. డోలీ మోతలకు మందు అదే. అయితే ఇలాంటివి చాలావరకు తొమ్మిదో నెల వాళ్లకోసమే. బీపీ ఉన్న తల్లిని, కవలల తల్లిని, ఇంతకుముందు నెలలు నిండకుండా కన్న తల్లిని ఏడో నెలలోనే అక్కడికి తెస్తే కిలోన్నర బిడ్డలకు అసలు మేలు జరుగుతుంది.

శిశు మరణాల సమీక్షకు కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. సమీక్షలు జరుగుతున్నాయి. వాటిలో ఎక్కువ సమయం ‘మీ ఆసుపత్రిలో ఇంతమంది ఎందుకు పోయారు’ అన్నదానికే పోతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు. మీ జిల్లా తల్లులు కన్న కిలోన్నర లోపు బిడ్డల్లో ఎంతమంది నవజాత కేంద్రం ఉన్న కప్పు కిందే పుట్టారు? వాళ్లలో ఎంతమంది 28 రోజులు దాటారు? మరణాన్ని చివరిగా చూసిన ఆసుపత్రి పేరు మీద కాకుండా తల్లి మండలం పేరు మీద రాస్తే, ఎక్కడ రోడ్డు లేదో, ఎక్కడ ఏఎన్‌ఎం పోస్టు ఖాళీయో, ఎక్కడ మత్తు డాక్టరు లేక రిఫర్ చేస్తున్నారో అదే బయటపడుతుంది.

దీనికి కొత్త సర్వే అక్కర్లేదు. మా కేంద్రాల్లో చేరే ప్రతి బిడ్డ వివరాలూ ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాం. బరువుకు ఒక గడి ఉంది. ఇక్కడే పుట్టిందా, బయట పుట్టి వచ్చిందా అన్నదానికి ఒకటి ఉంది. తల్లి ఊరికి, బిడ్డ చివరికి ఏమైందన్నదానికి కూడా ఉన్నాయి. ఆ నాలుగు గడులనూ కలిపి, పేర్లు తీసేసి, మండలాల వారీగా ఏడాదికోసారి జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఒక డేటా ఎంట్రీ ఆపరేటరు, ఒక వారం చాలు.